టర్బో కారుకి కటౌట్ కట్టేవాళ్ళకి నాలుగు మాటలు

"ఏ కటౌట్ కొనమంటారు?" ఈ ప్రశ్న ఈ మధ్య మన ఐటీ కుర్రాళ్ళ దగ్గర తెగ వినబడుతోంది. కటౌట్ అనగానే సంక్రాంతి సినిమాకి థియేటర్ ముందు కట్టే యాభై అడుగుల హీరోగారు గుర్తొచ్చారంటే మీరు నా తరం వాళ్ళే, కంగారు పడకండి. ఇది వేరే కటౌట్. కారు ఎగ్జాస్ట్ పైపుకి మధ్యలో ఒక పక్కదారి కొట్టి, దానికో తలుపు పెడతారు. తలుపు మూసుంటే పొగ బుద్ధిగా మఫ్లర్లోంచి, అంటే మన భాషలో సైలెన్సర్లోంచి, వెనక్కి పోతుంది. తెరిస్తే మఫ్లర్ మొహం కూడా చూడకుండా కారు కిందే బయటికొచ్చేస్తుంది. ఇక సౌండంటారా, ఆ వీధి వాళ్ళనడగండి.

నేనుండేది డాలస్ దగ్గర. ఒకప్పుడు మనవాళ్ళు గ్రీన్ కార్డు వచ్చేదాకా కామ్రీ, వచ్చాక కూడా కామ్రీ. ఇప్పుడలా కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాదికే సుబారు డబ్ల్యూఆర్‌ఎక్సో, గోల్ఫ్ జీటీఐయో గుమ్మం ముందుంటోంది. తప్పేం లేదు, నాకూ టర్బో కార్లంటే పిచ్చే. నా గొడవల్లా ఆ తర్వాతి మెట్టు గురించి. కారొచ్చిన నెలకి "అన్నా, ఎలక్ట్రిక్ కటౌట్ తీస్కోనా, వాక్యూమ్‌ది తీస్కోనా?" అని మెసేజి. ఎందుకు తమ్ముడూ అంటే "బ్యాక్ ప్రెషర్ అన్నా, టర్బోకి మంచిది కాదంట" అని సమాధానం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టుకుందురు గాని. రోడ్డు మీద తిరిగే టర్బో కారుకి స్విచ్చు నొక్కితే తెరుచుకునే కటౌట్ పవర్ కోసం కొనేది కాదు. సౌండు కోసం కొనేది. నిజంగా పవర్ కోసమే అయితే మూడు బోల్టులతో బిగించే రేకు ముక్క చాలు. చాలామందికి అదీ అక్కర్లేదు.

ముందు అవతలివాళ్ళు చెప్పేదాంట్లో నిజమెంతో చూద్దాం. బ్యాక్ ప్రెషర్ టర్బోకి శత్రువు అన్నది అబద్ధం కాదు. ఇంజను వదిలేసిన పొగతో ఒక చక్రం తిరుగుతుంది, అది టర్బైన్. అదే ఇరుసుకి రెండో వైపున్న చక్రం గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది, అది కంప్రెసర్. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ దీనికి పేటెంటు తీసుకున్నది 1905లో. అప్పటికీ ఇప్పటికీ సూత్రం ఒకటే: టర్బైన్ ఎంత పని చేస్తుందన్నది దాని ముందున్న ప్రెషర్‌కీ వెనకున్న ప్రెషర్‌కీ మధ్య నిష్పత్తి మీద ఆధారపడి ఉంటుంది.

ఊరికే ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. బయటి వాతావరణం ప్రెషర్ ఎలాగూ 14.7 పీఎస్ఐ ఉంటుంది, దాన్ని కూడా కలిపే లెక్కేద్దాం. టర్బైన్ ముందు 40 పీఎస్ఐ, వెనక 20 ఉంటే నిష్పత్తి 2. వెనకది 16కి దింపితే నిష్పత్తి 2.5. టర్బో తొందరగా అందుకుంటుంది. కావలసిన బూస్టు వచ్చేశాక వేస్ట్‌గేట్ తెరుచుకుని మిగతా పొగని పక్కకి పంపేస్తుంది కాబట్టి, అదే బూస్టుకి టర్బైన్ ముందు ప్రెషర్ తక్కువ సరిపోతుంది. సిలిండర్లో పాత పొగ తక్కువ మిగులుతుంది, ఇంజను నాక్ అయ్యే ప్రమాదం తగ్గుతుంది. టర్బో లేని ఇంజన్లలో ఎగ్జాస్ట్ పైపు పొడవుని బట్టి ప్రెషర్ అలలతో సిలిండర్ని ఊడ్చేసే కిటుకొకటి ఉంది. టర్బైన్ దాటేసరికి ఆ అలల్లో పెద్దగా ఊపు మిగలదు. అందుకే టర్బో తర్వాత పైపు ఎంత పొట్టిగా, ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది. ఇంతవరకూ తమ్ముడు కరెక్టే.

పేచీ ఎక్కడంటే, ఆ ప్రెషర్ మీ కారులో ఎక్కడ పుడుతోందో మీకు తెలుసా?

మనం చేసే ఉద్యోగం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పేజీ నెమ్మదిగా ఉందని కంప్లైంటు వస్తే, ప్రొఫైలర్ రన్ చెయ్యకుండా, లాగులు చూడకుండా, "లాగింగ్ తీసేస్తే స్పీడొస్తుంది" అని కోడ్ చెక్-ఇన్ చేసినవాణ్ణి కోడ్ రివ్యూలో ఏం చేస్తారు? డేటాబేస్ క్వెరీకి 9 సెకన్లు, లాగ్ రాయడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంటే లాగ్ తీసేసి ఏం లాభం? ఆఫీసులో ఇంత పట్టుదలగా మాట్లాడేవాళ్ళు, కారు దగ్గరకొచ్చేసరికి యూట్యూబ్ వీడియో చూసి పైపు కోసేస్తారు!

టర్బో దాటాక పొగ దారిలో మూడు భాగాలుంటాయి. డౌన్‌పైపు, దాంట్లోనో దాని వెనకో కాటలిటిక్ కన్వర్టర్. తర్వాత మధ్య పైపు. చివర మఫ్లర్. కంపెనీ నుంచి వచ్చిన చాలా టర్బో కార్లలో ఇరుకు ఎక్కువగా ఉండేది మొదటి భాగంలో. కటౌట్‌ని కన్వర్టర్ వెనక పెడితే అది ఆ ఇరుకుని ముట్టుకోదు, మఫ్లర్ని మాత్రమే తప్పిస్తుంది. పోనీ కన్వర్టర్‌కి ముందు పెడదామా అంటే, శుభ్రం చేసే యంత్రాన్ని తప్పించి పచ్చి పొగని జనం మీద వదలడమన్నమాట. అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం దాన్ని సూటిగా నిషేధించింది. ఎమిషన్స్ పరికరాన్ని తీసేసినా, పనిచెయ్యకుండా చేసినా షాపువాడే కాదు, సొంత కారుకి చేసుకున్నవాడూ దోషే. పైగా వెనక ఆక్సిజన్ సెన్సర్ ఊరుకోదు, చెక్ ఇంజన్ లైటు వేస్తుంది. ముందు సెన్సర్ దగ్గర్లో కటౌట్ తలుపు కొంచెం లీకైనా బయటి గాలి లోపలికి పీల్చుకుని, పెట్రోలు తక్కువైందని ఈసీయూ పొరబడి ఇంకాస్త పోస్తుంది. మైలేజీ గోవిందా.

కాబట్టి కొనేముందు కొలవండి. కటౌట్ ఎక్కడ పెడదామనుకుంటున్నారో అక్కడ పైపుకి ఒక చిన్న బంగ్ వెల్డ్ చేయించి, దాన్నుంచి సన్నటి లోహపు గొట్టం లాగి, చివర ఒక ప్రెషర్ గేజి పెట్టండి. డైనో మీద ఫుల్ థ్రాటిల్‌లో రెడ్‌లైన్ దాకా లాగి గేజి చూడండి. ఒకటి రెండు పీఎస్ఐ లోపే ఉంటే మీ మఫ్లర్ అమాయకురాలు, దాన్ని వదిలేయండి. కటౌట్ పెట్టినా మీకొచ్చేది సౌండే. నాలుగైదు పీఎస్ఐ ఉంటే నిజంగానే ఇరుకుంది. అప్పుడు కూడా మందు కటౌట్ కాదు. లోపల అడ్డుగోడలు లేకుండా, చిల్లుల గొట్టం సూటిగా ఒక చివర నుంచి ఇంకో చివరకి పోయే స్ట్రెయిట్-త్రూ మఫ్లర్ వేయించుకోండి. చుట్టూ ఉన్న పీచు సౌండుని పీలుస్తుంది, పొగకి మాత్రం దాదాపు ఖాళీ పైపులాగే ఉంటుంది. స్విచ్చు లేదు, మోటారు లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ఇరుకు ఉన్నచోట వెడల్పు చెయ్యడం ఫిక్సు. ఇరుకుని అలాగే ఉంచి పక్కన కన్నం పెట్టడం ప్యాచ్.

ఇక రకాల సంగతి. అందరూ అడిగేది దీని గురించే కదా.

మొదటిది మాన్యువల్. పక్కదారి చివర ఒక రేకు, గాస్కెట్, మూడు నాలుగు బోల్టులు. కారు కిందకి దూరి రెంచితో విప్పాలి. కదిలే భాగాలేం లేవు, అందుకే బిగించాక సరిగ్గా మూసుకునేది ఇదొక్కటే. రెండోది ఎలక్ట్రిక్. పైపులో గుండ్రటి పలక, దాన్ని తిప్పడానికి చిన్న మోటారు, పళ్ళ చక్రాలు. ఈ మోటారు ఉండేది ఎక్కడ? వందల డిగ్రీల వేడి పైపుని అంటిపెట్టుకుని, కింద నుంచి వాననీళ్ళు, చలి రాష్ట్రాల్లో రోడ్డు మీద చల్లిన ఉప్పు కొట్టేచోట. పలక అంచున మసి పేరుకుంటుంది. పేరుకున్నాక పూర్తిగా మూసుకోదు, టిక్ టిక్ మని లీకు. ఇంకొన్నాళ్ళకి ఇరుక్కుంటుంది. తెరుచుకుని ఇరుక్కుందంటే ఇంటిదాకా ఊరేగింపే. మూడోది వాక్యూమ్‌తోనో బూస్టుతోనో తెరుచుకునేది. వినడానికి చాలా తెలివిగా ఉంటుంది, బూస్టు వస్తే దానంతటదే తెరుచుకుంటుంది అని. అంటే ఏంటి, మీరు హైవే ర్యాంపు ఎక్కిన ప్రతిసారీ, పిల్లల్ని స్కూల్లో దింపి ఆఫీసుకి లేటయి కాస్త గట్టిగా తొక్కిన ప్రతిసారీ అన్నమాట. మీ చేతిలో ఏమీ లేదు.

ఇప్పుడొక చిన్న తర్కం. మాన్యువల్ కన్నా ఎలక్ట్రిక్‌లో ఎక్కువున్నదేంటి? పొగ వెళ్ళే దారి అదే, వెడల్పు అదే, పవర్ అదే. ఖరీదు ఎక్కువ, లీకులు ఎక్కువ, చెడిపోయే అవకాశం ఎక్కువ. లాభం ఒక్కటే, నడుస్తున్న కారులో కూర్చుని తెరవొచ్చు, మూయొచ్చు. రేస్ ట్రాక్ మీద దాని అవసరమేంటి? ఉదయం వెళ్ళి తెరుస్తారు, సాయంత్రం మూస్తారు. ఆ స్విచ్చు పనికొచ్చేది సిగ్నల్ దగ్గర పక్కన మస్టాంగ్ ఆగినప్పుడూ, పోలీసు కారు కనబడినప్పుడూ. అంటే మీరు డబ్బు పోసి కొన్నది పవర్ కాదు, ఎవరూ చూడనప్పుడు తెరిచి చూసినప్పుడు మూసే వెసులుబాటు. అది ఒప్పుకుంటే నాకసలు పేచీయే లేదు. "నాకు సౌండు ఇష్టం" అన్నవాడితో కాస్త సర్ది చెప్పి మాట్లాడొచ్చు. సౌండు కోసం కొని ఫిజిక్సు పాఠం చెప్పేవాడితోనే నా బాధంతా.

"కంపెనీ వాళ్ళే వాల్వు ఉన్న ఎగ్జాస్ట్ ఇస్తున్నారుగా, మేం పెట్టుకుంటే తప్పా?" అని కొందరు లా పాయింటు తీస్తారు. మంచి ప్రశ్నే. తేడా ఏంటంటే, కంపెనీ వాల్వు తెరిచినా పొగ కన్వర్టర్ దాటే వస్తుంది, కారు వెనక నుంచే బయటికి పోతుంది, ఆ కారు అమ్మే దేశంలో ఉన్న సౌండు పరిమితులకి లోబడే దాన్ని డిజైన్ చేస్తారు. వాల్వు ఎప్పుడు తెరవాలో ఈసీయూకి తెలుసు, రెండు స్థితుల్లోనూ పరీక్షించాకే అమ్ముతారు. మీ కటౌట్ సంగతి మీ ఈసీయూకి తెలీదు. మూసినప్పుడు ఒక ప్రెషర్, తెరిచినప్పుడు ఇంకొకటి. తెరిచినప్పుడు టర్బైన్ మీద పొగ జోరు పెరిగి, చిన్న ఇంటర్నల్ వేస్ట్‌గేట్ ఉన్న కార్లలో అది పక్కకి పంపగలిగినదానికన్నా ఎక్కువైతే, బూస్టు మీరు పెట్టిన గీత దాటి పాక్కుంటూ పోతుంది. దీన్నే బూస్ట్ క్రీప్ అంటారు. అదృష్టం బాగుంటే ఈసీయూ పెట్రోలు ఆపేసి కారుని కుదుపుతుంది. బాగోకపోతే పిస్టన్ ఖర్చు. ట్యూన్ చేయించినవాళ్ళు కూడా ఎక్కువమంది ఒక స్థితిలోనే చేయిస్తారు. రెండు బ్రాంచీలున్న కోడ్‌ని ఒక బ్రాంచే టెస్ట్ చేసి ప్రొడక్షన్‌కి పంపినట్టు. శుక్రవారం సాయంత్రం ఆ పని చేసేవాడితో మీరు పనిచేస్తారా?

ఇవన్నీ కారుకి సంబంధించినవి, పోతే డబ్బే పోతుంది. నాకు నిజంగా భయం వేసేది వేరే విషయం. పొగని వెనకదాకా తీసుకెళ్ళి వదలడం అందం కోసం కాదు. దాంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. కటౌట్ నోరు తెరిచేది కారు మధ్యలో, సరిగ్గా మీ సీటు కిందో, వెనక కార్ సీట్లో నిద్రపోయే పిల్లాడి కిందో. కారు నడుస్తున్నప్పుడు గాలి కొంత కొట్టేస్తుంది. సిగ్నల్ దగ్గర, ట్రాఫిక్ జామ్‌లో, డ్రైవ్-త్రూ లైనులో ఆగినప్పుడు? పాత కారు ఫ్లోర్‌లో ఒక రబ్బరు బిరడా ఊడినా, తలుపు రబ్బరు కాస్త అరిగినా అది లోపలికే వస్తుంది. తలనొప్పి, మగత. "ప్రయాణం బడలిక" అనుకుంటారు. ఇది కాక, ఆ వేడి పొగ దారిలో పెట్రోలు గొట్టమో బ్రేకు గొట్టమో ఉంటే ఇంకో కథ. టెక్సస్ ఎండాకాలంలో ఎండిన గడ్డి మీద ఆపితే మరో కథ. కటౌట్ బిగించేటప్పుడు వీటిలో ఏది ఎటు ఉందో చూశారా అని అడిగితే, "షాపువాడు చూసుంటాడు" అన్నవాళ్ళే ఎక్కువ.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. "2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు, ఇంక అడిగేవాడెవడు?" అంటున్నారు. తీసేసింది తనిఖీని, చట్టాన్ని కాదు బాబూ. డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్స్ పరీక్ష అలాగే ఉంది. టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 547.604లో మఫ్లర్ కటౌట్ కానీ బైపాస్ కానీ వాడకూడదని పేరు పెట్టి మరీ రాసి ఉంది. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 27150లోనూ అంతే, అసలు కటౌట్ బిగించి ఉండకూడదు. మూసే ఉంచానండీ అన్నా కుదరదు. న్యూయార్కులో 2021లో చట్టం మార్చి ఇలాంటి ఎగ్జాస్టులకి జరిమానా 1000 డాలర్ల దాకా పెంచారు. ఇది కొత్త గొడవ కూడా కాదు. వందేళ్ళ క్రితం కార్లకి కాలితో తొక్కే కటౌట్లుండేవి, గుట్ట ఎక్కడానికి పవర్ కావాలని అప్పుడూ ఇదే మాట చెప్పేవాళ్ళు. ఊరి మధ్యలో తొక్కేసరికి ఊళ్ళు నిషేధాలు తెచ్చాయి. సాకు పాతదే, స్విచ్చు ఒక్కటే కొత్తది.

చివరగా పక్కింటివాళ్ళు. డెసిబెల్ లెక్క మనలాంటి వాళ్ళకి చెప్పక్కర్లేదు, లాగరిథమ్. 10 డెసిబెల్స్ పెరిగితే సౌండు శక్తి పదింతలు, చెవికి దాదాపు రెండింతలు. ఏ అడ్డూ లేని చోట దూరం రెట్టింపైతే తగ్గేది 6 డెసిబెల్సే. పైపు దగ్గర 1 మీటరులో 110 ఉందనుకుంటే, 32 మీటర్ల అవతల బెడ్‌రూమ్ కిటికీ బయట ఇంకా 80 ఉంటుంది. ఆ గదిలో రాత్రంతా ఆఫ్‌షోర్ కాల్ అయ్యి అప్పుడే పడుకున్న మనవాడో, నైట్ డ్యూటీ చేసి వచ్చిన నర్సో, రెండు నెలల పసిబిడ్డో ఉంటారు. ఇండియా ట్రిప్పుకి వెళ్ళొచ్చి "హైదరాబాదులో ఆ బుల్లెట్ బళ్ళ సైలెన్సర్ల మోత భరించలేకపోయాం, సివిక్ సెన్స్ లేదు" అని లెక్చర్లు ఇచ్చేది మనమే. అక్కడ 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద పదివేల దాకా జరిమానా పడొచ్చు. హైదరాబాదులో, విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద తొక్కించిన ఫోటోలకి మనమే లైకులు కొడతాం. అదే మోత మన గరాజులోంచి వస్తే అది పర్ఫార్మెన్స్ అట :-)

సరే, ఇంత చెప్పాక కూడా "నేను నిజంగానే ట్రాక్‌కి వెళ్తాను, గేజి పెట్టి కొలిచాను, ఇరుకు మఫ్లర్లోనే ఉంది, నా రోజువారీ కారు వేరే ఉంది" అనేవాళ్ళుంటే వాళ్ళకి నా ఓటు మాన్యువల్‌కే. స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకోండి. మీ పైపు 3 అంగుళాలైతే కటౌట్ కూడా 3 అంగుళాలే. పక్కదారి అడ్డంగా కాకుండా పొగ వెళ్ళే దిశలోనే ఏటవాలుగా చీలాలి. కన్వర్టర్ వెనక, ఆక్సిజన్ సెన్సర్లన్నిటికీ వెనక పెట్టించండి. నోరు పెట్రోలు, బ్రేకు గొట్టాలకి దూరంగా పక్కకి తిరిగి ఉండాలి. తెరిచిన స్థితిలో విడిగా ట్యూన్ చేయించండి. వెళ్ళేముందు ఆ ట్రాక్‌లో సౌండు పరిమితి ఉందేమో కనుక్కోండి. కాలిఫోర్నియాలో లగునా సెకా లాంటి పేరున్న ట్రాక్‌లోనే పరిమితి దాటితే బయటికి పంపేస్తారు. సాయంత్రం రేకు బిగించి, గాస్కెట్ సరిచూసి ఇంటికి రండి. రోడ్డు మీద అది ఉండటమే తప్పయ్యే కాలిఫోర్నియా లాంటి చోట ఆ కారుని ట్రైలర్ మీద తీసుకెళ్ళాలి.

"అబ్బా, ప్రతిసారీ కిందకి దూరి బోల్టులెవడు విప్పుతాడన్నా" అంటారా? పదిహేను నిమిషాల పని బద్ధకమనిపించేంత పవరే కావాలన్నమాట మీకు. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి, కారు నిజంగానే వేగంగా పోతుంది.

వ్యాఖ్యల్లో వాదనకి నేను రెడీ. ఒక్కటే షరతు, "మా ఫ్రెండు కారుకి పెట్టాక పికప్ అదిరిపోయింది" అనే వాదన వద్దు. సౌండు పెరిగితే ఎవడికైనా స్పీడు పెరిగినట్టే ఉంటుంది. కారు మోడలు, మఫ్లర్ ముందు గేజి రీడింగు, కటౌట్ మూసి ఒకటి, తెరిచి ఒకటి డైనో షీట్లు. ఈ మూడూ పట్టుకుని రండి, కూర్చుని మాట్లాడుకుందాం.